జమ్ముపెట్టెయు ఆనపబుర్రయు

మన కొండసీమ విద్యార్థులలో ఇటీవల రెండు మాటలు తరచుగ వినవచ్చుచున్నవి. హెబ్రీయుల గ్రంథమునందలి కథలన్నియు ఐగుప్తీయుల పురాణములనుండి దొంగిలింపబడినవే యనునది ఒకటి. మన అవ్వలును తాతలును చెప్పు జలప్రళయ కథలు నోవహు వృత్తాంతము చెడిపోగా మిగిలిన తునుకలే యనునది రెండవది. మొదటిదానిని విని కొందరు బాలురు కలవరపడుచున్నారు. రెండవదానిని విని మరికొందరు తమ యింటి కథలను నోరు విప్పి చెప్పుటకే సిగ్గుపడుచున్నారు. ఈ రెండు మాటలును పైకి పగవారివలె కన్పట్టినను ఒక్క తల్లి బిడ్డలే యని మా యభిప్రాయము. రెండు కథలు పోలియున్నచో ఒకటి రెండవదానినుండి పుట్టితీరవలె నను తొందరపాటే ఆ తల్లి.

ఈ తొందరపాటును పరీక్షించుటకు దూరదేశము పోనక్కరలేదు. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీనది బొర్రా గుహలగుండ పారుచున్నది. గుహలో ఆవుపొదుగును పోలిన శిలనుండి నీరు స్రవించుటచే ఏటికి ఆ పేరు వచ్చెనందురు. గుహ పైకప్పునందలి కన్నమునుండి ఒక ఆవు లోపల పడెననియు, దానిని వెదకుచు దిగిన కాపరికి శివలింగము కనబడెననియు పెద్దలు చెప్పుదురు. ఇక ఐగుప్తునందు ఆకాశమే ఒక గోవు. దాని నాలుగు కాళ్లు భూమిపై నిలిచియుండగా సూర్యదేవుడగు రా దాని వీపున నెక్కి లోకమును విడిచిపోయెనని సేతీ రాజు సమాధిగోడలమీద వ్రాయబడియున్నది. దివ్యమైన గోవు అక్కడ నున్నది, దివ్యమైన గోవు ఇక్కడ నున్నది. పోలికయే ప్రమాణమైనచో బొర్రా కాపరి తన ఆవును నైలునది యొడ్డున పోగొట్టుకొనియుండవలెను! ఈ మాటకు ఎవరైనను నవ్వుదురు. ఆవులను మేపి బ్రదుకువారు తాము కొలుచువానిలో ఆవును చూచుట సహజమని ఎవరును నేర్పకయే మనకు తెలియును. బొర్రా విషయమున మనకుండు ఈ వివేకము పుస్తకముల విషయమున మాత్రము ఏల లోపించవలెను?

పోలిక యొక్కటియే చాలదు. ఒక పేరో, పలుకో, వ్రాతయో ఒక దేశమునుండి మరియొక దేశమునకు నడచినట్లు దారి చూపవలెను. అట్టి నడకకు నిదర్శనము మన నోటనే యున్నది. ఐగుప్తు అనునది హెబ్రీ మాట కాదు. హెబ్రీయులు ఆ దేశమును మిస్రాయిము అనిరి. ఐగుప్తీయుల ప్రాచీన నగరమగు మెంఫిసునందు ప్తాహు అను దేవుని కోవెల యుండెను. దానికి ‘హూత్-క-ప్తాహు’ అని పేరు. ప్తాహు ప్రాణశక్తి నివసించు ఇల్లు అని దాని యర్థము. ఆ పేరే గ్రీకుల నోట ‘అయిగుప్తొస్’ అయి దేశమునకంతకు చెల్లెను. ఆ గ్రీకు పేరే మన సత్యవేదపు తెలుగులో ఐగుప్తుగా నిలిచినది. కావున అరకులోయలో నిర్గమకాండమును చదువు బాలుడు తనకు తెలియకయే ప్తాహు దేవుని పేరును దినమునకు పదిమారులు ఉచ్చరించుచున్నాడు. అందువలన వాని విశ్వాసమునకు హాని యేమియు కలుగలేదు.

సత్యవేదమునందు ఇట్టి పలుకులు పెక్కు గలవు. ఏఫా, హిన్ అను కొలతలు ఐగుప్తీయుల కొలతలనుండి వచ్చినవే. మోషే పేరునకు నీటినుండి తీయుట యను భావముతో నిర్గమకాండము వ్యుత్పత్తి చెప్పుచున్నది; తుత్మోసు మొదలగు ఐగుప్తు రాజుల పేర్లలోని ‘పుట్టినవాడు’ అను అర్థముగల మాటయే అందు గలదని నేటి పండితులలో పలువురు తలంచుచున్నారు. యోసేపు భార్య ఆసెనతు పేరునందు నీతు అను దేవత దాగియున్నది. ఆమె తండ్రి ఓను యాజకుడగు పోతీఫెర. ఆయన పేరునందు సూర్యదేవుడగు రా యున్నాడు. అహరోను మనుమడగు ఫీనెహాసు పేరు సయితము ఐగుప్తు పేరే. గ్రంథమును కాపాడినవారు ఈ పేర్లను మార్చలేదు, దాచలేదు. మోషే ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చినవాడని అపొస్తలుల కార్యములలో స్తెఫను బహిరంగముగనే చెప్పెను. దొంగసొత్తును ఇట్లు వాకిట నారవేయు దొంగ నెవ్వరైనను చూచితిరా?

ఈ పలుకులలో మమ్మును మిక్కిలి ఆకర్షించినది మరియొకటి కలదు. మన తెలుగు సత్యవేదమున నోవహు చేసినది ఓడ, శిశువగు మోషేను ఉంచినది జమ్ముపెట్టె. హెబ్రీమూలమున రెండింటికిని ఒక్కటే మాట, ‘తేవా’ అని. పాతనిబంధన యంతటిలో ఆ మాట ఈ రెండు చోట్ల తప్ప మరెచ్చటను కానరాదు. పెట్టె యను నర్థముగల ఐగుప్తు మాటయే దానికి మూలమై యుండునని పలువురి యూహ. అర్థమునకు అది చక్కగ సరిపోవుచున్నది. నోవహు ఓడకు తెరచాపను గాని చుక్కానిని గాని గ్రంథము చెప్పలేదు, అది నీటిపై తేలు పెట్టె మాత్రమే. ఒక పెట్టెలో సర్వలోకబీజము తేలినది; మరియొక పెట్టెలో ఒక జనాంగము యొక్క విమోచకుడు తేలెను. తెలుగు చేసినవారు ఒక్క మాటను రెండుగ చీల్చుటచే ఆ చుట్టరికము మన కంటబడుట లేదు. వారిని తప్పుపట్టుటకు గాదు, మూలమును చూచినవారికి కలుగు లాభమును తెలుపుటకే దీనిని వ్రాసితిమి.

పలుకులే గాక గ్రంథమే నడచివచ్చిన దారి యొక్కచోట బాగుగ కానవచ్చుచున్నది. అది సామెతల గ్రంథము. అమెనెమోపె అను ఐగుప్తీయుడు తన కుమారునకు చేసిన హితబోధ ముప్పది అధ్యాయములుగ నున్నది. క్రీస్తుకు పూర్వము సుమారు 1300, 1100 సంవత్సరముల నడుమ అది రచింపబడెనని యెంచుచున్నారు. దాని ప్రతి వ్రాసిన జమ్ముకాగితపు చుట్ట 1888లో బ్రిటిషు మ్యూజియమునకు సేకరింపబడి, 1923లో అచ్చుపడెను. మరుసటి యేడే బెర్లిను పండితుడగు అడోల్ఫు ఎర్మను దానిని సామెతలు 22వ, 23వ అధ్యాయములతో పోల్చి చూపగా పండితలోకము ఆశ్చర్యపడెను. దరిద్రుని దోచుకొనవలదు, కోపిష్ఠునితో చెలిమి వలదు, పాత గట్టురాతిని కదల్పవలదు అను బోధలు రెండింటను దగ్గరదగ్గరగ నున్నవి. 22వ అధ్యాయము 20వ వచనమున అర్థము తెలియక పాత అనువాదకులు ‘శ్రేష్ఠమైనవి’ అని తెలిగించిన మాటను, అచ్చు కొంచెము మార్చి చదివినచో ‘ముప్పది’ అగుచున్నది. ఐగుప్తు గ్రంథమునందలి అధ్యాయములును ముప్పదియే. ఇచ్చట కాలము, పలుకు, వరుస అన్నియు కలిసి సాక్ష్యము చెప్పుచున్నవి. సొలొమోను జ్ఞానమును కొలుచుటకు ఐగుప్తీయుల జ్ఞానమునే కొలబద్దగ పట్టిన రాజుల గ్రంథకర్తకు ఈ సంగతి వింతగ తోచియుండదు.

అట్లని దీనిని నకలు అనుట తగునా? ధనము రెక్కలు కట్టుకొని యెగిరిపోవునని రెండు గ్రంథములును చెప్పుచున్నవి. అమెనెమోపె ధనమునకు బాతుల రెక్కలు పెట్టెను. నైలునది మడుగులలో వానికి దినము కనబడు పక్షులవి. హెబ్రీ బోధకుడు పక్షిరాజు రెక్కలు పెట్టెను. యూదయ కొండలపై తిరుగునది అది. అతడు మాటను పుచ్చుకొని తన ఆకాశము నందలి పక్షిని దానికి కట్టినాడు. అంతకంటెను ముఖ్యమైనది, దరిద్రుని పక్షమున నిలుచువాడు యెహోవా యని చేర్చినాడు. గట్టురాతి మాట మన తలిదండ్రులకు విప్పి చెప్పనక్కరలేదు. కొండవాని భూమి కొండవానికే నిలువవలెనని 1959లో ఒక నిబంధనయు, దానిని గట్టిపరచుచు 1970లో మొదటి నిబంధనయు పుట్టినవి. ‘ఒకటి బై డెబ్బది’ అని మన గ్రామములలో చదువురానివారు సయితము దాని పేరు పలుకుదురు. మూడువేల యేండ్లనాడు నైలుతీరమున విధవరాలి పొలపుగట్టును జరుపవలదని తండ్రి కుమారునకు చెప్పవలసివచ్చెను. నేడు ఈ లోయలోను చెప్పవలసివచ్చుచున్నది. దీనికి మాత్రము ఎవరినుండియు అరువు అక్కరలేదు. గట్లు జరుపువారు ప్రతి దేశమునను స్వయముగనే పుట్టుచున్నారు.

కొన్నిచోట్ల దారి కొంతదూరము కనబడి మరుగగుచున్నది. క్రీస్తుకు పూర్వము 1350 ప్రాంతమున అఖెనాతను రాజు సూర్యబింబము నొక్కదానినే కొలుచుచు చేయించిన స్తోత్రమున, రాత్రివేళ సింహములు వెలువడుటయు, ప్రొద్దుపొడుపున మనుష్యుడు పనికి పోవుటయు వర్ణింపబడినవి. 104వ కీర్తనయందును అవే దృశ్యములు గలవు. కాని ఆ రాజు గతించినతోడనే ఆయన మతమును జనులు తుడిచివైచిరి. ఆ పాట కనాను దేశమునకు ఎవరి నోట పోయినదో చెప్పు సాక్ష్యము లేదు. ప్తాహు తలంపుచేతను నాలుకచేతను లోకమును చేసెనని షబాకా రాజు చెక్కించిన రాతిమీద నున్నది. ఆ రాతిని తరువాతివారు తిరుగలిగ వాడుకొనుటచే నడుమ నక్షరములు అరిగిపోయినవి! ఆదికాండమునందు దేవుడు పలుకగా సృష్టి కలిగెను. ఖ్నూము అను దేవుడు కుమ్మరిసారెపై మనుష్యులను చేసెను. ఆదికాండమున నరుడు నేలమంటితో నిర్మింపబడెను. పలుకు లేని జనమును, మన్ను లేని నేలయు ఎచ్చట గలవు? ఇట్టివానిని పోలికలుగనే విడిచిపెట్టుట మేలు.

జలప్రళయము సంగతి వేరు. అది ఐగుప్తునుండి వచ్చెననువారు ఐగుప్తును ఎరుగనివారు. ఆ దేశమున ఏటి వరద శాపము గాదు, అన్నము. నైలు పొంగినప్పుడు వారు పండుగ చేసికొనిరి. పొంగనప్పుడు కరవు వచ్చెను. అందుచేత దేవతలు నరులను శిక్షించిన కథ ఐగుప్తునందు నీటితో జరుగలేదు. హాథోరు దేవత నరులను చంపుచుండగా, ఎఱ్ఱరంగు కలిపిన 7,000 కడవల మద్యమును పొలములలో పోయించి, ఆమె దానిని నెత్తురని త్రాగి మత్తుగొనుటచే శేషించినవారు బ్రదికిరని వారి కథ. (కల్లుకుండలచే లోకము రక్షింపబడెనని మన యువకులు దీనినుండి సిద్ధాంతము తీయకుందురుగాక.) నోవహు కథకు దగ్గరి చుట్టము బాబిలోను దేశమున నున్నది. 1872లో జార్జి స్మిత్తు అను నతడు నీనెవె శిథిలములనుండి తెచ్చిన మట్టిపలకలపై ఓడను, వెలుపలికి పంపిన పావురమును, కాకిని చదివెను. యూఫ్రటీసు, టిగ్రీసు నదుల వరద చెప్పకుండ వచ్చి ఊళ్లను ముంచునది. అబ్రాహాము బయలుదేరిన ఊరు ఆ దేశమునందే కలదు. ఇచ్చటను దారి యున్నది గాని అది తూర్పుననుండి వచ్చుచున్నది.

ఇంతకంటె ఆలోచింపదగిన సంగతి, దారి తెరచియుండియు హెబ్రీయులు పుచ్చుకొననిది. ఐగుప్తీయులు తమ బుద్ధిని ధనమును చచ్చినవారికై వెచ్చించిరి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సు లోని మ్యూజియమున నిజాము కాలమందు చేరిన ఐగుప్తు శవపేటిక యొకటి గలదు. ఎండి చుట్టబడిన ఆ శరీరమును చూచినవారికి ఒక జనము మరణముతో ఎంత పోరాడెనో తెలియును. హృదయమును త్రాసులో నుంచి, సత్యదేవతయగు మాయతు ఈకతో తూచుదురని వారి నమ్మకము. హృదయములను తూచువాడు దేవుడను మాట సామెతలలో గలదు; కాని ఆ త్రాసు వెనుకనున్న పాతాళనగరములు, ద్వారపాలకులు, మంత్రములు ఏవియు హెబ్రీగ్రంథమున చొరలేదు. మృతులను విచారించుటను ద్వితీయోపదేశకాండము నిషేధించినది. పొరుగింటి వాకిట నాలుగువందల యేండ్లుండినట్లు చెప్పుకొను జనము ఆ యింటి కొలతలను, పేర్లను, నీతులను తెచ్చుకొని దాని సమాధులను మాత్రము అక్కడనే విడిచివచ్చెను. నకలు వ్రాయువానికి ఇంత యేరిక యుండదు.

మన కొండలలో సవరలు ఈ విషయమున వేరొక త్రోవను నడచిరి. వారిలో చచ్చినవారు కురను అను పూజారిణి నోట పలికి, తమ చావునకు కారణమును, తమ కోర్కెలను బంధువులతో చర్చింతురు. ఈ సంభాషణలను పియర్సు విటెబ్స్కీ అను పండితుడు సవరల నడుమ నివసించి విని 1993లో గ్రంథముగ ప్రకటించెను. తరువాతి తరమువారు పెక్కుమంది బాప్తిస్టు సంఘములలో చేరుటచే ఆ పలుకులు సన్నగిల్లినవనియు ఆయనయే 2017లో వ్రాసెను. ఆ మార్పును గూర్చి మా చదువరులలో భిన్నాభిప్రాయము లుండును. కాని ఆ సంభాషణలలో కుటుంబముల చరిత్ర, భూముల తగవులు, ప్రేమ, కోపము నిలువయుండెను. మానిన ఆచారమును మరల పట్టనక్కరలేదు. మానినదేమో తెలియకుండ మానుట మాత్రము మాకు సమ్మతము కాదు.

ఇక ఆనపబుర్ర మాటకు వత్తము. కోరాపుట్టు కొండలలో గదబలు, బొండోలు మొదలగువారు చెప్పు కథలను వెరియరు ఎల్విను సేకరించి, 1954లో ఒరిస్సా గిరిజన పురాణములు అను పేర అచ్చువేయించెను. వానిలో మరల మరల వచ్చు కథ యొకటి కలదు. నీరు లోకమును ముంచగా ఒక అన్నయు చెల్లెలును మాత్రము ఎండిన ఆనపకాయ బుర్రలో దూరి తేలి బ్రదికిరి. నీరు తీసిన పిమ్మట నరులు లేరు. దేవుడు వారిని పెండ్లాడుమన, అన్నాచెల్లెండ్ర మెట్లు పెండ్లాడుదు మనిరి. అప్పుడు మశూచి వారి ముఖములను మార్చివేసెను. ఒకరినొకరు గుర్తింపక వివాహమాడిరి. వారి సంతానమే కొండజాతులు. చెప్పువారిని బట్టి వివరములు మారుచుండును.

దీనిని చెడిపోయిన నోవహు కథ అనువారు కథను సగమే విన్నవారు. నోవహు కథకు ప్రాణము నరుల దుష్టత్వమును దేవుని నిబంధనయు. మన కథకు ప్రాణము వేరు: ఒకే రక్తము వారు పెండ్లాడరాదను కట్టుబాటు మొదట ఎట్లు తప్పినది, వంశములు ఎట్లు వేరుపడినవి యనునదే దాని ప్రశ్న. ఓడలో కుటుంబము లెక్కినవి, బుర్రలో ఎక్కినది ఇద్దరే. ఇంకొకటి, గదబలలో కొందరి గుతబు భాషయు, బొండోల భాషయు, సవర భాషయు తెలుగునకు గాని సంస్కృతమునకు గాని చుట్టములు కావు. వాని దూరపు బంధువులు కంబోడియా, లావోసు, బర్మా దేశములలోని ఖ్మేరు, ఖము, మోను భాషలు. ఆ లావోసునందు ఖము జాతివారు జలప్రళయమున బ్రదికిన అన్నాచెల్లెండ్రను గూర్చియు, జనములు పుట్టిన ఆనపకాయను గూర్చియు నేటికిని కథ చెప్పుదురు. మన బుర్ర యే యేటిలో తేలివచ్చినదో వెదకవలెనన్నచో నైలు వైపు గాక ప్రొద్దుపొడుపు వైపు చూచుట న్యాయము. బుర్రయు ఊరక రాలేదు. కొండవాడు అంబలిని, నీటిని, జీలుగుకల్లును మోసికొని పోవునది అందులోనే. జమ్ము పెరుగు నేలవారు జమ్ముతో అల్లి కీలు పూసిరి. మ్రానులున్నవారు మ్రానును కోసిరి. మనవారు పందిరిమీది కాయను దొలిచిరి.

ఇట్టి కథలను వ్రాసికొనుటకు మనకు పూర్వమే పూనినవారు గలరు. లూథరను మిషనువాడగు షుల్జె సాలూరు ప్రాంతమున నుండి 1911లో కువి భాషకు వ్యాకరణమును ప్రకటించెను. పర్లాకిమిడి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరలను ఇంటికి పిలిచి, వారి భాష నేర్చి, 1931లో వ్యాకరణమును 1938లో నిఘంటువును అచ్చువేయించిరి. (వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు మా యీ గ్రాంథికమును చూచినచో చిరునవ్వు నవ్వియుందురు.) వారందరును బయటనుండి వచ్చి విన్నవారు. ఆ కథలను ఉయ్యాలలోనే విన్నవారు నేడు మన తరగతులలో కూర్చుండియున్నారు. ఇదివరకు లేని సౌకర్య మిది. ఇక ముందు ఎంతకాల ముండునో చెప్పజాలము, ఏలయన కథ చెప్పు అవ్వలు ఏటేట తగ్గుచున్నారు.

ఈ పనివలన పాత కొలుపులు మరల తలయెత్తునేమో యని మిషను పెద్దలలో కొందరు శంకించుట మే మెరుగుదుము. ఓను యాజకుని కుమార్తెయగు ఆసెనతు పేరును యోసేపు చరిత్రనుండి ఎవరును చెరిపివేయలేదని వారికి విన్నవించుచున్నాము. ఎఫ్రాయిము, మనష్షే గోత్రములకు ఆమెయే తల్లి. మన బాలుర తల్లుల పేర్లకును కథలకును మన పుస్తకములలో అంతపాటి చోటు దొరకరాదా?

కావున రాబోవు సంక్రాంతి సెలవులలో ఇంటికి పోవు విద్యార్థులు ఒక్కొక్క కథనైనను వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. కువి గాని, కూబి గాని, గుతబు గాని, ఆదివాసీ ఒరియా గాని, చెప్పినవారి భాషలోనే తెలుగు లిపితో వ్రాసి, క్రింద తెలుగర్థమును వ్రాయవలెను. సవర బాలురు ఒకటి గమనింపవలెను: అచ్చును పలుకుచు గొంతు బిగబట్టు ధ్వనికి తెలుగు లిపిలో గుర్తు లేదు గనుక, అట్టి అక్షరము ప్రక్కన చిన్న గీత గీసినచో చాలును. కథ చెప్పినవారి ఊరును, వారు దానిని ఎవరివలన వినిరో దానిని కూడ వ్రాయవలెను. నీటిలో తేలినది బుర్రయని అవ్వ చెప్పినచో బుర్రయనియే ఉంచవలెను, ఓడయని దిద్దరాదు. తలిదండ్రులు ఆ నాలుగు సాయంకాలములు పిల్లలను ఇతర పనులకు పంపక పెద్దలయొద్ద కూర్చుండనిచ్చినచో మాకు గొప్ప సహాయమగును. వ్రాతలను బడి తెరచిన మొదటి వారములో తెలుగు ఉపాధ్యాయులకు ఈయవచ్చును.